నాలుగని చెప్పాను

మూడో రోజు మధ్యాహ్నానికి ఇంట్లో పొడి తువ్వాలు ఒక్కటి లేదు. ఆళ్లగడ్డ ఎండకు దండెం మీద వేసిన బట్ట ఇట్టే ఆరిపోవాలి, కానీ అది ఆరేలోపే ఇంకొకటి తడిసేది. మా అత్త తన పాత నూలుచీరలు రెండు నిలువునా చించి మడతలు పెట్టింది. ఏడాదిన్నర వయసున్న నా కూతురు ఆ మడతల మీద పడుకుని, కక్కడానికి కూడా ఓపిక లేనట్టు నోరు తెరిచి చూస్తోంది.

మొదటి రోజు పాలు పడలేదనుకున్నాం. రెండో రోజు నంద్యాలకు, డాక్టరమ్మకు ఫోన్ చేశాను. నంద్యాల నా పుట్టిల్లు. పాప పుట్టినప్పటి నుంచి చూస్తున్నది ఆమే. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ పొట్లం మొత్తం కలిపి, ఐదు నిమిషాలకో చెంచా పట్టమంది.

"గ్లాసు మాత్రం చూపించొద్దు. దాహానికి గబగబా తాగేస్తుంది, తాగిందంతా బయటికొస్తుంది" అని కూడా చెప్పింది.

విన్నాను. వినీ, పాప గ్లాసు వైపు చేతులు చాచగానే అర గ్లాసు తాగించాను. మా నాయన కొట్లో పెరిగినదాన్ని. నోరు తెరిచి అడుగుతున్న గిరాకీకి చెంచాడు చెంచాడు పోసి సరిపెట్టడం నాకు చేతకాదు. ఆ అర గ్లాసూ నా ఒళ్లోనే పడింది.

తర్వాత చెంచాకే కట్టుబడ్డాం. అత్త గడియారం చూసేది, నేను పట్టేదాన్ని. ఆరు చెంచాలు నిలిచేవి. ఏడోది ఆ ఆరింటినీ వెంటబెట్టుకుని వచ్చేది. బొరుగులు నానబెట్టిన తేటనీళ్లు పట్టి చూద్దామంది అత్త. పట్టాం. అవీ ఆగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మే ఫోన్ చేసింది.

"పొద్దుట్నుంచి ఎన్నిసార్లు కక్కింది?"

"నాలుగు, మేడమ్."

తొమ్మిదిసార్లు కక్కింది.

మా నాయన కిరాణా కొట్లో ఎవరూ మొదట అసలు అంకె చెప్పరు. అమ్మేవాడు పెంచుతాడు, కొనేవాడు కోస్తాడు. ఆ అలవాటు నాలో ఎంత ముదిరిందంటే, ఒకసారి బెలుం గుహల దగ్గర టోపీ కొనబోయి, కొట్టతను చెప్పిన ధర న్యాయంగానే ఉన్నా ఊరుకోలేక గీసి గీసి బేరమాడి, తీరా ఎండ తగ్గాక టోపీ కొన్నాను.

ఇప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే. సెలైన్ సూది వద్దు. పది నెలలప్పుడు ఇలాగే ఆసుపత్రిలో చేరిస్తే నరం దొరకక రెండు చేతులూ ఒక కాలూ గుచ్చారు. పాప గొంతు పోయేదాకా ఏడ్చింది, నేను గది బయటికి పారిపోయాను. తొమ్మిదంటే తీసుకురమ్మంటుంది. నాలుగంటే ఇంట్లోనే చూసుకోమంటుంది.

"ఒంటికి పోసిందా?"

"పొద్దున పోసింది మేడమ్."

"పొద్దునంటే ఎన్నింటికి?"

"పొద్దున్నే."

ఆ పొద్దున తడిసిన గుడ్డ వాంతితో తడిసిందో, ఉచ్చతో తడిసిందో నాకే తెలియదు. సాయంత్రం దాకా చూసి చెప్పమని ఆమె ఫోన్ పెట్టేసింది. గెలిచినట్టే అనిపించింది. తల ఎత్తితే అత్త నన్నే చూస్తోంది.

"ఎన్నంటివే?"

"నాలుగు."

"యాడ నాలుగు? తుడస్తాండేది నేను గదా. తొమ్మిది!"

"ఎక్కువ చెప్తే సూది వేస్తారత్తా."

"డాక్టరమ్మతో బేరం జేస్తాండావా? ఆయమ్మేమన్నా ఎర్రగడ్డలు అమ్ముకునేదా? ఈడ సూడు. బిడ్డ ఏడుస్తాంటే కండ్లల్లో నీళ్లు రాలే. నోరు సూడు, ఎట్ల ఎండిపోయిందో."

చూశాను. మూడు రోజులుగా గుడ్డలు చూస్తున్నానే గానీ మొహం చూడలేదు. కళ్లు లోపలికి పోయి, పెదవుల మీద తెల్లగా పొర కట్టింది.

వెంటనే ఫోన్ చేశాను. "మేడమ్, నాలుగు కాదు. తొమ్మిది. ఒంటికి పోసిందో లేదో కూడా సరిగ్గా తెలీదు."

"చూడమ్మా, భయంతో అమ్మలందరూ రెండింతలు చేసి చెప్తారు. నువ్వు నాలుగంటే నేను రెండనుకున్నా. వెంటనే బయల్దేరు."

అంటే నేను కోసినదాన్ని ఆమె ఇంకా కోసింది. ఎదుటివాళ్లు ఎంత కోస్తారో కనుక్కోకుండా నేను దిగిన బేరం అదొక్కటే.

మా ఆయన తన కొట్టు మూసి, పక్కింటివాళ్ల కారు అడిగి తెచ్చాడు. దారిలో శిరివెళ్ల దాటాక పాప ఒకసారి కక్కింది. ఈసారి పచ్చటి నీళ్లు.

నంద్యాలలో డాక్టరమ్మ పాప పొట్ట మీద చర్మం పట్టి వదిలింది. అది నెమ్మదిగా సర్దుకుంది; ఒంట్లో నీళ్లు బాగా తగ్గాయంది. వాంతికి మందు వేసి, "అరగంట ఆగి చెంచాతో మొదలుపెట్టు. గంటసేపు నిలిస్తే సూది అక్కర్లేదు. కొంచెం కక్కినా నాకు చెప్పాలి" అని పక్క గదిలోకి వెళ్లింది. మా ఆయన మందుల కోసం కిందికి దిగాడు. రెండు రోజుల నిద్ర ఆపుకున్న అత్త బల్ల మీద కూర్చునే కళ్లు మూసింది.

చెంచా తర్వాత చెంచా పట్టాను. అన్నీ నిలిచాయి. గంట నిండటానికి ఇంకో పది నిమిషాలుందనగా పాప ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. మూతెడు నీళ్లు నా కొంగులో పడ్డాయి.

చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదు. కొంగు మడిచాను. మూతెడు నీళ్లను వాంతి అంటారా? చెంచా తొణికినా అంతే కదా? పది నిమిషాలేగా? నాతో నేనే బేరమాడుకుంటున్నాను, రెండు వైపులా నేనే. ఒళ్లో పాప వేడిగా, తేలిగ్గా ఉంది, మూడు రోజుల కిందటి కంటే తేలిగ్గా.

పాపను ఎత్తుకుని పక్క గది గుమ్మంలోకి వెళ్లాను. "మేడమ్, కక్కింది."

"ఎంత?"

ఎంతో చెప్పలేదు. కొంగు మడత విప్పి చూపించాను. ఆమె దాన్ని వేళ్లతో తడిమి చూసి, నర్సును పిలిచింది.

ఈసారి నేను గది బయటికి పోలేదు. మొదటి చేతికి నరం దొరకలేదు. పాప రెండో చేత్తో నా మెడ గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్లు ఒక్కొక్కటే నేనే విడిపించి, చేయి నర్సుకు ఇచ్చాను. అక్కడ దొరికింది.