ఆ చప్పుడు నాదే

ఎక్కడ ఏ చప్పుడైనా సరే, చెయ్యెత్తి "నాదే!" అనడం మొగిలికి అలవాటు. కుర్చీ కిర్రుమన్నా నాదే, వీధిలో ఆటో దగ్గినా నాదే. మందమర్రి మొత్తంలో అడక్కుండా నేరం ఒప్పుకునే మనిషి ఆయనొక్కడే.

మూడేళ్ల కింద పెద్దపేగు క్యాన్సరని కరీంనగర్‌లో ఆపరేషన్ చేశారు. మలం పోవడానికి పొట్టకు ఎడమపక్క దారి చేసి, దానికో సంచి తగిలించి పంపారు. పేగుకు మర్యాద తెలియదు. గాలి చేరితే వేళాపాళా లేకుండా బుర్రుమంటుంది. "రోగం పోయింది, ఇక హాయిగా బతుకు" అన్నాడు డాక్టరు. ఎట్లా బతకాలో మాత్రం చీటీలో రాయలేదు.

అది బంధువులు నేర్పారు. తమ్ముడు ముత్తయ్య గృహప్రవేశానికి పిలిచి, మొగిలి పంక్తిలో కూర్చోబోతుంటే అడ్డం వచ్చాడు. "అన్నా, నీకు లోపల పెడ్తం. ఆరాంగ తిను." ముప్పై ఏళ్లు గనిలో దిగి ఆ తమ్ముణ్ణి చదివించిన అన్న ఈయనే. మొగిలి విస్తరి పట్టుకుని బయటికొచ్చి, పంక్తి నడుమ కూర్చుని, సంచి బుర్రుమనగానే చెయ్యెత్తాడు.

"నాదే! ముత్తయ్యది కాదు, ఫికర్ చెయ్యకుండ్రి."

ఆనాటి నుంచి బస్సులో నాదే, బ్యాంకులో నాదే. జనం పగలబడి నవ్వేవారు. నవ్వనిది భార్య సమ్మవ్వ ఒక్కతే. సంచి కడగడానికి ఆమెకు ఏనాడూ రోత పుట్టలేదు కానీ, ఈ దండోరాకు మాత్రం తల తీసేసినట్టయ్యేది.

"జర సిగ్గుండాలె. సప్పుడు చెయ్యకుంటే ఎవలకు తెలుస్తది?"

"పక్కోని మీద అనుమానం పోతది గదనే."

ఇంతలో పక్కింటి హఫీజా బిడ్డ సాదియా పెళ్లి కుదిరింది. హఫీజా నిరుడు అక్క ఇంటికని పోయి, నాలుగు నెలలకు సగమై తిరిగొచ్చింది. అప్పటినుంచి గడప దాటడమే మానేసింది. కనీసం ఆమె ఇంటి పెళ్లిలోనైనా పరువు దక్కించుకోవాలని సమ్మవ్వ మొగుడితో ఒట్టు వేయించింది.

"ఖానాపూర్ నుంచి మగపెండ్లోళ్లు వస్తున్నరు. ఇయ్యాల నోరు తెరిస్తే నా మీదొట్టు."

"తెరువనంటే తెరువ."

ఫంక్షన్ హాల్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ నడుమ పరదా కట్టారు. మగవాళ్లంతా కుర్చీలు ముందుకు జరుపుకుంటే, మొగిలి పరదాకు వీపు ఆనించి కూర్చున్నాడు. పరదాకు ఇవతల సమ్మవ్వ, ఆమె పక్కన హఫీజా, ఆ పక్కన పెళ్లికొడుకు తల్లి.

ఖాజీ పెళ్లికొడుకును సమ్మతి అడిగాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే బుర్రుమంది. పెళ్లికొడుకు తల్లి కనుబొమలు ముడిపడ్డాయి.

"నాదే!" పరదా అవతల మొగిలి గొంతు లేచింది. "మాఫ్ చెయ్యుండ్రి సాబ్, నా సంచికి నిఖా అంటే తెల్వది."

హాలు హాలంతా నవ్వింది. వియ్యపురాలూ నవ్వింది. పెళ్లికొడుకు నవ్వాపుకుంటూ "కబూల్ హై" అన్నాడు.

తిట్టడానికి తెరిచిన సమ్మవ్వ నోరు తెరిచినట్టే ఉండిపోయింది. చప్పుడు పరదా అవతల కాలేదు, తన మోచేతి పక్కనే అయింది. హఫీజా దుపట్టా కింద పొట్టను రెండు చేతులా అదిమి పట్టుకుని ఉంది.

"హఫీజా, నీక్కూడనా?" చెవిలో అడిగింది.

"దవాఖాన్ల మొగిలన్న కలిసిండు. ఎవ్వలకు చెప్పద్దని నేనే అన్న. తల్లికి గీ రోగమంటే నా బిడ్డను ఎవలు చేస్కుంటరు వదినా?"

ఏడాదిగా పెళ్లానికైనా చెప్పని మొగుడి మీద సమ్మవ్వకు ఒళ్లు మండింది. పేగు మూలిగితే పెళ్లి తప్పిపోయే లోకం మీద అంతకు పదింతలు మండింది. ఇన్నాళ్లూ ఆ లోకం ముందు తలదించుకున్నందుకు తన మీద తనకే మండింది.

భోజనాల వేళ మొగిలి చేతులు కడుక్కోవడానికి బయటికి పోయాడు. వియ్యపురాలు ప్రేమగా హఫీజాకు బగారా అన్నం వడ్డిస్తుంటే మళ్లీ బుర్రుమంది. గరిట ఆగింది. వియ్యపురాలు పరదా తొలగించి చూసింది. అవతల కుర్చీ ఖాళీ.

సమ్మవ్వ నిటారుగా కూర్చుని చెయ్యెత్తింది.

"నాదే! మా ఇంట్ల ఇద్దరిదీ గిదే కత. నువ్వు పరేషాన్ గాకు, జర దాల్చా గిటు వెయ్యి."