అడ్జస్ట్ అనే క్రియ మీద నా కోపం

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కంటే ఒక ఇంగ్లీషు క్రియ మీద ఎక్కువ కోపం ఉండేది. అడ్జస్ట్. తిరుత్తణిలో రైలెక్కితే ముగ్గురి సీటులో నాలుగోవాడు ఆ మాట అంటూ ఇరుక్కుంటాడు (అడిగి కూర్చోడు, కూర్చున్నాక అంటాడు). పట్టాభిరామ్‌లో నేను పనిచేసే చిన్న ఫ్యాక్టరీలో మిషన్లను అడ్జస్ట్ చేసేది తక్కువ, మమ్మల్ని చేసేది ఎక్కువ. ఒళ్ళు మండి ఒకసారి ఫోనులో డిక్షనరీ తీశాను. మొదట్లో దగ్గరకు చేర్చడం అని అర్థమట. పాత ఫ్రెంచి నుంచి వచ్చే దారిలో న్యాయం అనే లాటిన్ మాటతో కలగలిసిపోయిందట. న్యాయమట. అది చదివాక నా కోపం రెట్టింపయింది.

ఇంతలో అక్క పెళ్ళి వచ్చింది, తిరుత్తణిలో. మా నేతవాళ్ళ ఇళ్ళల్లో తాళి కట్టాక పెళ్ళికూతురి దోసిట్లో తోడబుట్టినవాడు పేలాలు పోస్తేనే ఆమె వాటిని హోమంలో వేస్తుంది. ఉన్న ఒక్క తమ్ముణ్ణి నేను. సెలవు ఎప్పుడో అడిగిపెట్టుకున్నాను. తీరా ముందురోజు సూపర్‌వైజర్ పిలిచి, మనుషులు లేరు, రాత్రి షిఫ్టు చేసి తెల్లారగానే వెళ్ళిపొమ్మన్నాడు. తెల్లారింది. నా తర్వాత రావలసినవాడు రాలేదు. "కొంజం అడ్జస్ట్ పణ్ణుప్పా" అన్నాడు ఆయన అరవంలో, కొంచెం సర్దుకోమని, టీ తాగుతూ. ఆ టీ ఆయన నెత్తిన పొయ్యాలనిపించింది (పొయ్యలేదు, ఉద్యోగం కొత్త).

చివరికి యూనిఫారంతోనే పరుగెత్తి రైలెక్కితే, తిరువళ్ళూరులో ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి దాన్ని ఆపేశారు. నాయనకు ఫోన్ చేసి, ముహూర్తం కొంచెం అడ్జస్ట్ చెయ్యమని అయ్యవారిని అడగమన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. "ముహూర్తాన్ని యాడ జరిపేదిరా, నువ్వే బిన్నా రా" అని తొందరపెట్టి నాయన ఫోన్ పెట్టేసినాడు.

నేను మండపంలోకి పోయేసరికి తాళి కట్టడం అయిపోయింది. పెదనాన్న కొడుకు పేలాల చేట పట్టుకుని నిలబడ్డాడు. అక్క మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుంది. ఆ అబ్బాయి కూడా తమ్ముడి వరసే కదా, కొంచెం అడ్జస్ట్ చేసుకోమ్మా అని అయ్యవారు బతిమాలుతున్నాడు.

"ఇన్నాళ్ళూ అన్నిటికీ అడ్జస్ట్ అయినాను సామీ. దీనికి కాను. మా తమ్ముడే రావాల" అంది అక్క.

నన్ను కాలేజీకి పంపడం కోసం తన చదువు మానిపించి మగ్గంలో కూర్చోబెట్టినప్పుడు కూడా అక్క నోరెత్తలేదు. నేను నూనె మరకల చేతులతోనే పేలాలు పోశాను. కడుక్కొని రమ్మన్నారెవరో. అక్క వినలేదు, దోసిలి పట్టింది.

ఆ ఫొటో మా ఇంట్లో గోడకుంది. అందరూ పట్టుబట్టల్లో, నేను ఖాకీలో, ముక్కుపుటాలు ఎగరేస్తూ. ఎవరితో కొట్లాట అని మా ఆవిడ వెక్కిరిస్తుంది. ఆ కుర్రవాడి కోపం చూస్తే నాకూ నవ్వొస్తుంది. పక్కనే ఉన్న అక్క ముఖం చూస్తే మాత్రం రాదు.