చింతపండు కాటా మీద అక్క కాలు

నా చిన్నప్పుడు పుంగనూరులో మా తాతయ్యకు చింతపండు మండీ ఉండేది. వాకిట్లో పెద్ద ఇనుప కాటా. పొద్దున్నే దానికి పసుపు కుంకుమ పెట్టి, కళ్లకద్దుకుని గానీ ఆయన మొదటి బుట్ట తూచేవాడు కాదు. పొరపాటున మా పిల్లల కాలు తగిలిందంటే వీపు విమానం మోతే.

అలాంటి కాటా మీద పక్కింటి అక్కను కాలు పెట్టనిచ్చాడాయన. అక్క మోకాలి కింద ఎముకలో గడ్డ పుట్టింది. వేలూరులో ఆపరేషన్ చేసి, గడ్డతో పాటు జానెడు ఎముక తీసేశారు. ఆ ఖాళీలో రెండో కాలి నుంచి తీసిన సన్నపు ఎముకను పెట్టి బిగించారు. కట్టు విప్పాక డాక్టరు గట్టిగా చెప్పాడట, బరువు అసలు మోపకపోతే ఆ ఎముక లావెక్కదు, ఒక్కసారే మోపితే విరుగుతుందని. మొదటి నెల పది కిలోలు, తర్వాత కొంచెం కొంచెంగా పెంచాలి. పది కిలోలంటే ఎంతో కాలికి తెలిసేదెలా? అందుకని రోజూ సాయంత్రం అక్క చంక కర్రలతో వచ్చి కాటా మీద ఆ కాలు మోపేది. ముల్లు చూసి చెప్పే పని నాది.

సరిగ్గా అది మా తొక్కుడుబిళ్ల వేళ. ఆట మధ్యలో పిలిచేసరికి నాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఆ ఉక్రోషంలో, అక్క కాల్లో చచ్చినోళ్ల ఎముక పెట్టారని నేస్తాలతో అనేశాను. ఎక్కడా విన్నది కాదు, నేనే పుట్టించాను.

వారం తిరక్కముందే ఆ మాట వీధి కొళాయి దాటి మండీకి వచ్చింది.

"పీనుగు ఎముక పెట్టిన కాటాలో తూసిన పండు మాకొద్దప్పా" అన్నారు పాత బేరగాళ్లు. అక్కను రావద్దని చెప్పేటప్పుడు తాతయ్య తల ఎత్తలేకపోయాడు. నేను తలుపు చాటున నిలబడి అంతా విన్నాను.

మర్నాడు అక్క నన్ను పిలిచింది. చీవాట్లు తప్పవనుకుంటూ వెళ్లాను. ఆమె నన్ను నేల మీద కూర్చోబెట్టి, ముందు పది కిలోల బియ్యం సంచి నా అరచేతుల మీద పెట్టించింది. అది తీయించి, కర్రల మీద నిలబడి, అదే చేతుల్లో తన కాలు మోపింది.

"అంతే ఉండాదా పాపా? ఎక్కువైతే సెప్పు."

తల వంచి చూస్తే రెండు కాళ్ల మీదా పొడుగాటి కుట్ల మచ్చలు. "ఇదీ నాదే, అదీ నాదే. బయపడబాకు" అంది. ఏడ్చేశాను. ఎందుకని ఆమె అడగలేదు. ఆమెకు తెలుసని అప్పుడర్థమైంది.

ఆ నెలంతా నా చేతులే కాటా. రెండో నెల ఇరవై కిలోలన్నారు. నా చేతులు ఆ బరువు ఆపలేకపోయాయి. ఇంక దారి లేక తాతయ్యకు నిజం చెప్పాను. ఆయన కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కొళాయి దగ్గరికి తీసుకెళ్లి, అందరి ముందూ ఆ మాట నాదేనని చెప్పించాడు. ఆ సాయంత్రం అక్కను తానే వెళ్లి పిలుచుకొచ్చాడు.

అక్క నడిచింది. ఇప్పుడు మదనపల్లెలో ఆ కాలితోనే కుట్టు మిషను తొక్కుతోంది. కానీ ఆపరేషన్ అయిన నాలుగైదేళ్లకు ఆమెకు కుప్పం నుంచి వచ్చిన సంబంధం, చచ్చినోళ్ల ఎముకంట కదా అని తిరిగిపోయింది. కొళాయి దగ్గర నేను ఒప్పుకున్న నిజం మా వీధి దాటలేదు.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. ఎవరి జబ్బు గురించైనా నాలుగు మాటలు అనబోతే, ఆ కాలి బరువు మళ్లీ నా అరచేతుల్లోకి వస్తుంది. నోరు మూసుకుంటాను.