పడవ అడుగున వైరు లాగిన మనిషి

పని ఉందన్న కబురు మొదట నాకు తెచ్చింది మాకు పాలు పోసే ఆవిడ. తిరుపతిలో మా గడప మీద క్యాను దించి, నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"అక్కా, మీ ఇంటాయనకు సరిపోయే పని వచ్చిండాది. తడ కాడ ఎవరో మోటారు పడవ కట్టిస్తా ఉండారంట. దాని కడుపులో దూరి వైర్లు లాగేదానికి పొట్టి మనిషి కావాలంట. మామూలోళ్ళు పట్టరంట."

ఆమె మీద నాకు ఈనాటికీ కోపం లేదు. ఆ నెల మా పొయ్యి వెలిగింది ఆ మాట వల్లనే.

మా ఆయన నా భుజం దాకా వచ్చేవారు. రేడియోలు బాగుచేసేవారు. వీధిలోవాళ్ళు ఆయనకు పెట్టిన పేర్లు నేను రాయను. ఆయన వీధిలో అవి విని నవ్వేసేవారు. ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చుని చాలాసేపు ముద్ద ఎత్తేవారు కాదు.

పడవ యజమానికి చిత్తూరులో మామిడికాయల మండీ. సముద్రంలో చేపల వేటకని పులికాటు ఒడ్డున పడవ కట్టించాడు. చుక్కాని దగ్గర నీళ్ళ లోతు చూపే యంత్రం పెట్టాలి. దాని వైరు ఇంజను కిందుగా, అడ్డదూలాల సందుల్లోంచి, పడవ అడుగున ఒక రంధ్రంలో బిగించే డబ్బీ దాకా పోవాలి. పైపలకలన్నీ మేకులేసి బిగించేశాక గాని ఆ సంగతి ఎవరికీ గుర్తురాలేదు. అందుకే మా ఆయన కావలసి వచ్చారు.

వైరు నడుముకు కట్టుకుని, బోర్లా పడుకుని, మోచేతుల మీద పాకేవారు. లోపల తిరగడానికి చోటుండదు. వెనక్కి రావాలంటే వెనక్కే పాకాలి. సాయంత్రం బయటపడితే పనివాళ్ళు, "ఎలక వచ్చిందబ్బా, బోను మూసేయండి" అనేవారట. ఒకరోజు ఆయన లోపలుండగానే, దూరే కంతకు నిజంగా మూత వేసి, దానిమీద కూర్చుని బీడీలు కాల్చారట. అది నాకు చెప్పి, "సందుల్లో గాలి ఆడుతుందిలే, ఏం కాలేదు" అన్నారు.

పడవను నీళ్ళలోకి దించే సోమవారం, హారతి ఇవ్వడానికి ముత్తైదువ కావాలని నన్నూ పిలిపించారు. ఏడున్నరకు రాహుకాలం వస్తుంది. అంతలోపల పడవ నీళ్ళు ముట్టాలి. మా ఆయన పొద్దున్నే లోపలికి దూరారు. వైరు రంధ్రం దాకా చేరింది గాని డబ్బీ బిగించడం కాలేదు. అందాకా ఆ రంధ్రానికి వడ్రంగి బయటి నుంచి ఒక చెక్క బిరడా కొట్టి ఉంచాడు.

పూజ చేయించే అయ్యవారు గుమ్మడికాయ కొట్టించారు. యజమాని గడియారం చూసుకున్నాడు.

"తొయ్యండ్రా!"

"సామీ, ఆయన లోపలుండాడు," అన్నాడు వడ్రంగి.

"ఉంటే ఏమప్పా? టికెట్టు అడగతామా? మొదటి సవారీ వానిదే."

అందరూ నవ్వారు.

"బొక్కకు బిరడా ఒకటే ఉండాది సామీ, తారు పుయ్యలేదు."

"రాహుకాలంలో దించితే నా యాపారం నువ్వు చేస్తావా? తొయ్యండి!"

"ఏమండీ, బయటికి రండి!" అని అరిచాను. తప్పెట్ల మోతలో నా గొంతు నాకే వినబడలేదు.

పడవ మొద్దుల మీద దొర్లుతూ దిగింది. బిరడా మొద్దుకు తగిలి ఊడిపోయి ఇసుకలో పడింది. మొలలోతు నీళ్ళలో పడవ నిలిచేసరికి, అడుగు నుంచి ధబధబమని చప్పుడు.

"ఎలక తాళం వేస్తా ఉండాదిరో," అన్నాడొకడు.

వడ్రంగి మూత తెరిచి, "నీళ్ళు వచ్చేస్తా ఉండాయి!" అని కేకపెట్టాడు. చెయ్యి చాపితే కాళ్ళు అందలేదు. వైరు పట్టి లాగారు. అది దూలాల మధ్య మెలిపడి బిగుసుకుంది. వడ్రంగి గొడ్డలి ఎత్తాడు.

"పలక కొట్టేస్తా సామీ."

యజమాని అతని చెయ్యి పట్టుకున్నాడు. "నీళ్ళు ముట్టిన పూటే కొత్త పడవకు గొడ్డలి పెడతావా? అపశకునం. లాగండి, వస్తాడు. పిడికెడు మనిషి, యాడికి పోతాడు?"

నేను హారతి పళ్ళెం కింద పెట్టి నీళ్ళలోకి దిగాను. పడవ అంచు పట్టుకుని, "అన్నా, నీకు పుణ్యముంటుంది, కొట్టనియ్యి" అన్నాను.

"శుభమా అని దించుకుంటా ఉంటే ఏడవగూడదమ్మా," అన్నాడు.

ఆ చప్పుడు నా అరచేతి కింద పలకలో తెలుస్తూనే ఉంది. తర్వాత అది ఆగింది. ఆగాకనే యజమాని వడ్రంగి చెయ్యి వదిలాడు.

పలక పగలగొట్టి చూస్తే, మా ఆయన ఎడమ అరచెయ్యి ఆ రంధ్రాన్ని మూసే ఉంది. పక్కనుంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

"వాని గడియ అయిపోయింది, మనమేం చేస్తాం," అని, యజమాని అయ్యవారి వైపు తిరిగాడు. "పడవ మంచి గడియలోనే ముట్టింది గదా సామీ?"

"ముట్టింది," అన్నారు అయ్యవారు.

వడ్రంగి తన పైపంచె మా ఆయనకు కప్పి, తిరుపతి దాకా లారీలో మాతో వచ్చాడు. దారిలో ఒక్క ఓదార్పు మాట కూడా అనలేదు. ఆ మౌనానికి నేటికీ దణ్ణం పెట్టుకుంటాను. మా ఆయన్ని నాకిచ్చినందుకు స్వామికి రోజూ మొక్కుతాను. తీసుకున్నది కూడా స్వామే అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. ఆ గొడ్డలిని ఆపిన చెయ్యి ఎవరిదో నేను చూశాను.

మామిడికాయల కాలంలో మండీ నుంచి ఒక బుట్ట వచ్చింది, ఏమీ అనుకోవద్దని. అలాగే తిప్పి పంపాను. పలక మార్చి ఆ పడవను చాలా ఏళ్ళు తిప్పారు. వైరు మార్చవలసిన పని రాలేదని వడ్రంగి చెప్పాడు.

మీరెప్పుడైనా మోటారు పడవ ఎక్కితే, కాళ్ళ కింద పలకల అడుగున ఎవరో ఒకరు పాకి ఉంటారు. అప్పుడు మా ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.