ఎరువుల కొట్టు పైన మేడం గారు

పోయిన గురువారం పొద్దున్నే నూజివీడు నుంచి ఎరువుల కొట్టాయన ఫోన్ చేశారు. "అమ్మా, మా పైగదిలో కూర్చునే మేడం గారు తెల్లారగట్ల పోయారండీ. నిద్రలోనే. మీవారికి చెప్పండి" అన్నారు. మా ఆయన రెడ్డిగూడెం మామిడితోటలో పూత మీద పురుగుమందు కొట్టిస్తున్నారు. నేనే వెళ్ళి చెప్పాను. ఆయన మోటారు ఆపించి, గట్టు మీద కాళ్ళూ చేతులూ కడుక్కున్నారు. తర్వాత "పద, వెళ్దాం" అన్నారు.

ఆవిడ మీలో చాలామందికి తెలియరు. తాగుడు మానలేనివాళ్ళకి, మనసు బాగోలేనివాళ్ళకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఆవిడ వారంలో రెండు రోజులు కౌన్సెలింగ్ ఇచ్చేవారు. కొట్టు పైన గదే ఎందుకు తీసుకున్నారంటే, "ఎరువుల కొట్టు మెట్లెక్కేవాళ్ళని చూసి ఎవరూ ఏమీ అనుకోరమ్మా" అని నవ్వేవారు. మనం నోరు తెరవగానే లేచి ఫ్యాను తగ్గించేవారు, గొంతు పెంచాల్సిన పని లేకుండా. ఎవరినీ తాగుబోతు అనేవారు కాదు. నేను ఆ మాటంటే ఊరుకునేవారు కాదు.

ఐదేళ్ళ కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు నా చేతిలో ఒక నోటుబుక్కు ఉంది. ఇంట్లో ప్రతిదీ రాసి పెట్టుకోవడం నాకలవాటు. గ్యాసు ఎప్పుడొచ్చింది, పాలు ఎన్ని పోయించుకున్నాం, ఆవకాయ ఎన్ని కాయలు పెట్టాం, అన్నీ. అలాగే ఆయన తాగొచ్చిన రోజులూ రాసేదాన్ని. ఆ పక్కనే ఇంకో వరుస ఉండేది. సంతలో ఒకతను తాగుడు మాన్పిస్తుందని పొట్లాలు అమ్మాడు. "ఆయనకి తెలియకుండా మజ్జిగలో కలపండి" అన్నాడు. పద్దెనిమిది రోజులు కలిపాను. కలిపిన ప్రతిరోజూ టిక్కు పెట్టాను.

మొదటి వారంలో తాగిన రెండుసార్లూ ఆయనకి వాంతులయ్యాయి, మొహం ఎర్రబడింది, గుండె దడదడలాడింది. భయపడి మానేశారు. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఇంకెన్ని రోజులు కలిపితే పూర్తిగా మానతారో అడుగుదామనే మేడం గారి దగ్గరికెళ్ళాను.

ఆవిడ పుస్తకం చదివి, మూసి, నా ఒళ్ళో పెట్టారు.

"ఆయనకి తెలుసా?"

"తెలిస్తే తాగుతారా మేడం, మజ్జిగ?"

"వాంతులెందుకయ్యాయనుకుంటున్నారు ఆయన?"

నేను పుస్తకం కొంగు కింద పెట్టుకున్నాను. గుండె జబ్బనుకుంటున్నారు. అంతకు రెండు రోజుల ముందే తోట కాగితాలు ఎక్కడున్నాయో నాకు చూపించి, "నాకేదన్నా అయితే తొందరపడి అమ్మేయకు" అన్నారు. అప్పుడు కూడా నేను చెప్పలేదు.

"అలాంటి మందు కడుపులో ఉండగా తాగితే మనిషి పోవచ్చమ్మా. ఈ రోజు నుంచి కలపకండి."

"ఆపితే మళ్ళీ మొదలెడతారండీ."

"మొదలెట్టొచ్చు. అయినా కలపకండి. ఆయనకి మీరే చెప్పండి. నేను పక్కన కూర్చుంటాను. గుండె డాక్టరని అబద్ధం చెప్పి మాత్రం తీసుకురావద్దు."

సరిగ్గా అలాగే తీసుకొద్దామనుకున్నాను నేను!

"మీకో మాట చెప్పాలి, అక్కడైతేనే చెప్పగలను" అని ఆ మంగళవారం ఆయన్ని తీసుకెళ్ళి, మొత్తం చెప్పాను. ఆయన నావైపు చూడలేదు. "ఈవిడ చేతి అన్నం ఇక ఎలా తినమంటారు మేడం గారూ?" అని ఆవిడనే అడిగారు. ఆవిడ నా తరఫున ఒక్క మాటన్నా అంటారనుకున్నాను.

"తినబుద్ధి కాకపోతే కొన్నాళ్ళు తినకండి. మీ కోపంలో న్యాయముంది" అన్నారు.

గుండెను చూపించుకోమని, తాగుడు సంగతి కూడా దాచకుండా చెప్పమని ఆయన్ని డాక్టరు గారి దగ్గరికి పంపారు. గుండె బాగానే ఉంది. ఇంట్లోనే బాగోలేదు. తొమ్మిది రోజులు ఆయన గిన్నెలోంచి తనే వడ్డించుకు తిన్నారు. మజ్జిగ ముట్టలేదు. రెండు రోజులు తాగొచ్చారు. నేను పెట్టె సర్దుకుందామా అన్నదాకా వెళ్ళాను. ఆ పైవారం, నాతో చెప్పకుండా, ఆయన ఒక్కరే బస్సెక్కి మేడం గారి దగ్గరికెళ్ళారు. అక్కడేం మాట్లాడుకున్నారో నాకిప్పటికీ తెలియదు. మేడం గారిని అడిగితే, "మీ మాటలు ఆయనకి చెప్పానా, ఆయన మాటలు మీకు చెప్పడానికి?" అన్నారు. నోటుబుక్కు మాత్రం ఆయనకిచ్చేయమన్నారు.

మా దగ్గర కాయ దింపి, లారీకెత్తి పైన టార్పాలిన్ పట్టా కట్టగానే, కాయ కొన్న షావుకారు మనిషి అందరికీ బ్రాందీ సీసాలు తెప్పిస్తాడు. కాదంటే బాగోదు. తోటకి వెళ్ళొద్దని మేడం గారు చెప్పలేదు. "ఏ వేళకి, ఎవరి పక్కన, ఏ చేత్తో గ్లాసు తీసుకుంటారు?" అని గుచ్చి గుచ్చి అడిగారు. పట్టా కట్టేవేళకి కారియరు విప్పి భోజనానికి కూర్చోమన్నారు. "కలిపిన ముద్ద చేతిలో ఉన్నవాడికి ఎవరూ గ్లాసు అందించరండీ" అన్నారు. సాయంత్రం నాలుగింటికి పప్పన్నం తింటున్న మా ఆయన్ని చూసి, "ఏంటి బావా, మా అక్క పొద్దున పస్తు పెట్టిందా?" అని కూలీలు ఆటపట్టించారు. ఆయన రెండోసారి వడ్డించుకున్నారు.

రెండో ఏడు సీజన్లో ఒకసారి జారారు. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే, "తాగానే" అన్నారు. నేను ఏడ్చుకుంటూ మేడం గారికి ఫోన్ చేశాను. "తాగారన్నది ఒక్కటే విన్నారా అమ్మా? వచ్చి తనే చెప్పారు కదా, అది వినలేదా?" అన్నారు. ఆ మాటతో నా ఏడుపు ఆగింది.

ఇంకో రోజు ఆయన సంగతులే చెప్పుకుపోతుంటే ఆపి, "మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అన్నారు. అన్నీ రాసుకునేదాన్ని, అదొక్కటీ ఎక్కడా రాసుకోలేదు. అంతకుముందు ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆరు నెలలు నాకోసం నేనే వెళ్ళాను.

పోయిన గురువారం మేం వెళ్ళేసరికి ఆవిడ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. బెంచీల మీద మగవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. కొందర్ని ఆ కొట్టు మెట్ల మీద చూశాం, వాళ్ళూ మమ్మల్ని చూశారు. అందరం ఎరగనట్టే కూర్చున్నాం. మేడం గారి కూతురు మంచినీళ్ళిస్తూ, "అమ్మ మీకెలా తెలుసండీ?" అని ఒక్కొక్కరినీ అడుగుతోంది. "ఏదో, పరిచయం తల్లీ" అన్నాడొకాయన. ఇంకొకాయన నీళ్ళు తాగి గ్లాసు తిరిగిచ్చేశాడు. మా దగ్గరికొచ్చేసరికి, "తెలిసినవాళ్ళ ద్వారా" అనబోయాను నేను.

"నేను తాగేవాణ్ణమ్మా. తాగకుండా ఎలా బతకాలో మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నాను" అన్నారు మా ఆయన, లేచి నిలబడి.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అంతసేపూ మొహం పక్కకు తిప్పుకుని ఉన్న ఒక పెద్దాయన బెంచీ మీద కొంచెం జరిగి, భుజం మీది తువ్వాలు తీసి, తన పక్కన ఖాళీ అయిన చోట మా ఆయన కోసం దుమ్ము దులిపాడు.