జయశీల టీవీలో కనిపించిన ఆదివారం

జోజి పోర్టులో ఖలాసీ. మా జ్ఞానాపురంలో అతని ముడికి తిరుగులేదు, అతని దెబ్బకీ లేదు. వాళ్ల గ్యాంగులో ఒక పద్ధతి ఉండేది. సరుకుకి తాడు కట్టినవాడే, క్రేను ఎత్తగానే దాని కింద నిలబడి చూపించాలి. డెబ్బై తొమ్మిదిలో అలాగే అతని తమ్ముడు నిలబడ్డాడు. ముడి జారింది, ఇనప కడ్డీల కట్ట నెత్తిన పడింది. తమ్ముణ్ణి గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు జోజి. ఆ ముడి నేర్పింది తనే.

ఎనభై ఆరులో హైదరాబాదు టీవీవాళ్లు పిల్లల ఆటల పోటీ తీయడానికి మా ఊరొచ్చారు. ముఖ్య అతిథి ఓ సినిమా హీరో. పోటీల్లో ఒకటి, కళ్లకు గంతలు కట్టుకుని నిమిషంలో ఐదు ముడులు వేయడం. జోజి కూతురు జయశీలకి పన్నెండేళ్లు. బడివాళ్లు ఆ పిల్లను ఎంచుకోవడమే పాపమైపోయింది.

మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క గోడే. నెలరోజులు రోజూ సాయంత్రం తాడు కొస వీపు మీద పడే చప్పుడు వినేవాణ్ణి.

"తప్పు కడితే మనిషి సచ్చిపోతాడే! ఇప్పు! మళ్లీ కట్టు!"

"కడతన్నాను నాన్నా, కొట్టకు నాన్నా."

అడ్డం వెళ్లిన తల్లి విమలమ్మకి పెదవి చిట్లింది. ఒకసారి జోజిని ఆపి, పిల్లనెందుకలా కొడతావని అడిగాను.

"మొక్కై వంగనిది మానై వంగుతాదేటి బావా?" అన్నాడు.

ఇంట్లోకొచ్చి రేడియో సౌండు పెంచాను. వాళ్లింటి గొడవ మనకెందుకనుకున్నాను. సిగ్గులేని మాట, కానీ అదే అనుకున్నాను.

పోటీ రోజు హీరోని చూడాలని జనం కంచె విరగ్గొట్టారు. పోలీసులు లాఠీలతో కుమ్మారు. మైదానంలో చెప్పులు, రక్తం. ఆ గోలలోనే జయశీల నలభై సెకన్లలో ఐదు ముడులూ వేసి గెలిచిందట. వెనక్కి తోసేసిన జనంలో ఉండి జోజి అది చూడలేకపోయాడు.

మూడు వారాలకు టీవీలో వేశారు. వీధి మొత్తానికి టీవీ మా ఇంట్లోదే. నలభై మంది కూర్చున్నారు. జోజి కొత్త చొక్కా వేసుకుని ముందు కూర్చున్నాడు, జయశీల గుమ్మం దగ్గర నిలబడింది. తెరమీద ఐదో ముడి పడింది. వీధి వీధంతా ఈలలు. హీరో దగ్గరకొచ్చి, తల నిమరబోయి చెయ్యెత్తాడు.

తెరమీది జయశీల తాడు వదిలేసి కింద కూలబడింది. రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది. హీరో చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

జోజి లేచి స్టూలెత్తి టీవీని ఒక్క పోటు పొడిచాడు. అద్దం పేలింది, ఆడవాళ్లు కేకలు పెట్టారు. పగిలిన పెట్టెని పిడికిలితో గుద్దాడు. మోచేతిదాకా రక్తం.

"ఆడేటి సేసాడే నిన్ను? సెప్పు! కొట్టాడా? నా పిల్ల మీద సెయ్యెత్తాడా? సంపేస్తాను నా కొడుకుని!"

జయశీల గుమ్మం వదల్లేదు.

"ఆయనేటీ సెయ్లేదు నాన్నా," అంది. "కళ్లగంత అప్పుడే ఇప్పారు. సెయ్యొకటే కనపడింది. నాను నువ్వనుకున్నాను."