నల్లబడని పాకం

చక్కెర మిల్లులో పాకం వండే పెద్ద పాన్ దగ్గర పనిచేసే ఆ పెద్దమనిషిని అందరూ పాకం బావ అంటారు. ఆ పేరు పెట్టింది ఆయన మరదలు. ఒకసారి అన్నం డబ్బా పట్టుకొచ్చి గేటు దగ్గర "మా పాకం బావని పిలవండి" అందట. అంతే, మేనేజరు మొదలుకొని ఊడ్చే ఆవిడ దాకా అందరికీ బావైపోయాడు. ఊడ్చే ఆవిడకి ఆయన కొడుకు వరస అవుతాడు, అయినా బావే.

ఆయన పనల్లా చూడటం. చెరకు రసం మరిగి, చిక్కబడి, పాకమై పాన్‌లోకి దిగుతుంది. పాన్‌కున్న గుండ్రటి అద్దంలోంచి ఆ రంగు చూసి, చెరకు యార్డులో ఎంతసేపు ఎండిందో చెప్పేసేవాడు. నిలవ సరుకైతే పాకం నల్లగా వస్తుంది, జిగురు కడుతుంది, చక్కెర పలుకు సరిగా కట్టదు. నిలవ చెరకు పంపేటప్పుడు యార్డువాళ్లు పాన్‌కి కబురు చెప్పాలన్నది మిల్లు నియమం. ఆయన వచ్చాక ఆ కబురు మానేశారు. "బావ చూసుకుంటాడులే" అనేవాళ్లు. ఆ మాట చెవిన పడితే ఆయన మీసం కింద నవ్వు ఆగేది కాదు. గర్వమే, కాదనడానికేముంది!

అలాంటి మనిషికి ఈ సీజన్ మొదలైనప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కారణం మళ్లీ మరదలే. ఆమె చెరకు పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది కదా, చెరకు రసమూ అంతే. అలా నల్లబరిచే జన్యువు నోరు మూయించి అక్కడ కొత్త చెరకు తయారుచేశారు. దాని రసం తెల్లగా ఉంటుంది, చక్కెరా తెల్లగా దిగుతుంది. ఆ మొక్కల్ని పసిపిల్లల్లా సాకింది ఈవిడే. ఇప్పుడు మిల్లులో పరీక్షగా ఒక పాన్ వండుతారు. బాగా వస్తే సరే, లేదంటే ఆ చెరకంతా పీకి తగలబెట్టేస్తారు.

"ఇక నువ్వు కళ్లు చికిలించక్కర్లేదు బావా," అంది ఆమె, అన్నం వడ్డిస్తూ.

"అంటే నన్ను ఇంట్లో కూర్చోమంటావా?"

నవ్వుతూనే అన్నాడు గానీ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. నల్లటి రసంలోంచి తెల్లటి చక్కెర తీయడమే ఆయన బతుకు. రసమే తెల్లగా వస్తే తనెందుకు? చెయ్యి కడుక్కుని గదిలో పచార్లు మొదలుపెట్టాడు.

"ఏమిటండీ ఆ తిరగడం, గచ్చు అరిగిపోతుంది!" అని భార్య కసిరింది.

పరీక్ష రోజు ఆయన అద్దం దగ్గరికి వెళ్లడం, వెనక్కి రావడం, మళ్లీ వెళ్లడం. పాకం లేత తేనెలా దిగింది. కళ్లప్పగించి చూసి, "తాజా సరుకు, కానీండి" అన్నాడు.

మధ్యాహ్నానికి పాన్‌లో తయారైంది ఉత్త జిగురు. పలుకులు సూదుల్లా సన్నగా ఉండి ఒకదానికొకటి అంటుకుపోయాయి. మేనేజరు వేళ్ల మధ్య నలిపి చూసి పెదవి విరిచాడు.

"రంగు బ్రహ్మాండం. కానీ పలుకే కట్టకపోతే ఏం చేసుకోను? ఈ చెరకు పనికిరాదు."

"మా దగ్గర బాగానే కట్టింది సార్..." మరదలు నీళ్లు నమిలింది.

పాకం బావకి నిలవబుద్ధి కాలేదు. యార్డుకి వెళ్లాడు. మిగిలిన చెరకు గడల కొసలు ఎండి, పులిసిన వాసన కొడుతున్నాయి.

"ఎప్పుడొచ్చిందిరా ఇది?" అని యార్డు మనిషిని అడిగాడు.

"మొన్న వచ్చింది బావా. చెరకు పిండే క్రషర్ ఒకటి పాడైంది, వంతు రాక ఎండలోనే పడుంది. నీకు చెప్పేదేముంది?"

నిలవ సరుకు. ఎన్నాళ్లున్నా నల్లబడని చెరకు. ఆ సంగతి మరదలు తన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అయినా తను అద్దంలో నలుపు కోసమే వెతికాడు.

నోరు మూసుకుంటే చాలు. తిట్లు చెరకు తింటుంది, పాన్ తనకుంటుంది. ఒక్క క్షణం సంతోషం వేసింది కూడా. ఆ సంతోషానికి తనమీద తనకే రోత పుట్టింది. యార్డు నుంచి పాన్ దాకా, పాన్ నుంచి యార్డు దాకా తిరిగి తిరిగి, చివరికి మేనేజరు గదిలోకి వెళ్లాడు. మరదలు అక్కడే తల దించుకుని నిలబడి ఉంది.

"తప్పు చెరకుది కాదు సార్. అది నిలవ సరుకు. తాజా అని వదిలింది నేను."

"మీకు తెలియకపోవడమేంటి?" మేనేజరు నమ్మలేదు.

"నలుపు చూసే చెబుతాను సార్ నేను. అంతకుమించి నాకేమీ రాదు."

మరదలు తలెత్తింది. తన చెరకు బతికిందని సంతోషించాలో, బావ ఏం పోగొట్టుకున్నాడో తలచుకుని ఏడవాలో తెలియక ఆయన చెయ్యి పట్టుకుంది.

"రేపు తాజాది కోయించవే," అన్నాడాయన. "పాన్ దగ్గర ఇంకెవరినైనా పెట్టమను. నీ చెరకుని నేను చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే."